రెండు రంగుల పాత బూట్లు కావాలంటే రైల్వే వాళ్ళ ఇళ్ళలో అడగండి

మీ ప్రశ్న ఇది: "తాతల కాలం నాటి బ్రౌన్-తెలుపు, నలుపు-తెలుపు మగవాళ్ళ తోలుబూట్లు సేకరించాలని ఉంది. ఎక్కడ దొరుకుతాయి? అసలైనవో కాదో ఎలా పోల్చుకోవాలి?"

మాది ఒడిశాలో బరంపురం. పదిహేనేళ్ళుగా వీటి వెంట తిరుగుతున్నాను, ఇప్పటికి పదకొండు జోళ్ళు పోగయ్యాయి. ఎక్కడ దొరుకుతాయంటే నాది ఒకటే మాట. జమీందార్ల బంగళాల చుట్టూ తిరగకండి, పాత రైల్వే కుటుంబాల ఇళ్ళలో అడగండి. నా పదకొండిట్లో ఎనిమిది అలా దొరికినవే. మా వైపు తెలుగువాళ్ళు బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరి ఖరగ్‌పూర్‌లో ఉండిపోయినవాళ్ళు చాలామంది. ఉద్యోగికి పాస్ ఉంటుంది కాబట్టి హౌరా వెళ్ళడానికి ఖర్చు లేదు. కలకత్తా బెంటింక్ స్ట్రీట్‌లో చైనావాళ్ళ బూట్ల కొట్లు వరసగా ఉండేవి. పెళ్ళికని అక్కడ ఒక జోడు కుట్టించుకుని, నాలుగుసార్లు తొడుక్కుని, జీవితాంతం పెట్టెలో దాచుకునేవారు. జమీందార్ల సామాను పంపకాల్లో ఎప్పుడో చెల్లాచెదురైపోయింది.

పర్లాకిమిడిలో దొరికిన జోడు సంగతి చెబుతాను, మీ రెండో ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు ఉండేది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. ఆ బండికి గార్డుగా చేసిన ఒకాయన ఇంటికి 2012 డిసెంబరులో మా బావ నన్ను తీసుకెళ్ళాడు. ఆయన పోయి అప్పటికే చాలా ఏళ్ళు. మామ్మగారు మంచం కింద నుంచి రేకుపెట్టె లాగించి, పాత పంచెలో చుట్టిన మూట విప్పారు.

తేనెరంగు ముక్కు, తేనెరంగు మడమ, మధ్యలో తెలుపు. ఇప్పుడు డబ్బాల్లో అమ్మే తెలుపు కాదు, మీగడ తెలుపు. ముక్కు మీద చిల్లులు, మెంతిగింజంత ఒకటి, దాని పక్కన ఆవగింజంతవి రెండు, మళ్ళీ మెంతిగింజంత ఒకటి. లోపల మడమ దగ్గర బంగారు అచ్చు అరిగిపోయి కలకత్తా అన్న పేరు సగమే మిగిలింది.

ఈ బూటుని మొదట 1868లో క్రికెట్ ఆటకోసం తామే చేశామని లండన్ జాన్ లాబ్ కంపెనీ వాళ్ళు చెప్పుకుంటారు. తర్వాత ఇంగ్లండులో దీనికి కో-రెస్పాండెంట్ బూటు అని పేరు పడింది. విడాకుల కేసులో మూడో మనిషిని అలా అంటారు, అంటే పెద్దమనుషులు వేసుకునేది కాదని వాళ్ళ లెక్క. మా గార్డుగారు మాత్రం వీటిని గుడికి వెళ్ళే రోజున తొడుక్కునేవారట. గుడి బయట విడిచి, కాపలాకి ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టేవారట.

డబ్బు మాట ఎత్తితే మామ్మగారు చెయ్యి అడ్డం పెట్టేశారు. "అమ్మను బాబూ, పట్టుకుపో. కానీ తొడుక్కోవాలి. ఏడాదికోసారి తెచ్చి నాకు చూపించాలి" అన్నారు.

మరుసటి ఏడాది, 2013 అక్టోబరు 12 రాత్రి, ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా మేడమీది గది రేకులు ఎగిరిపోయాయి. తెల్లారి చూస్తే బూట్ల పెట్టెలో నీళ్ళు. అప్పటికి నా దగ్గరున్న ఏడు జోళ్ళూ తడిశాయి. గార్డుగారి జోడుకి తేనెరంగు దిగి తెల్లతోలులోకి చారలు చారలుగా పాకింది. ఆ టెన్షన్‌లో రెండు తప్పులు చేశాను. లోపల న్యూస్‌పేపర్ కుక్కితే సిరా అంతా అస్తరుకి అంటుకుంది. తోలు బిగుసుకుపోతుందని పక్కింటివాళ్ళు అంటే ఎడమదాని పక్కన కొబ్బరినూనె రాశాను. రాసినంత మేరా పసుపు తిరిగింది. రూపాయి బిళ్ళంత ఆ మచ్చ ఈరోజుకీ ఉంది.

గిరి మార్కెట్ దగ్గర కూర్చునే ముసలి మోచీ దగ్గరికి పరుగెత్తాను. "ఎండలో పెట్టావా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే బతుకుతుంది" అన్నాడు. తెల్లకాగితం కుక్కి, పూటపూటా మారుస్తూ నీడలో నాలుగు రోజులు ఆరబెట్టించాడు. తర్వాత చారల మీద సుద్దపొడి అద్దడం, దులపడం, మళ్ళీ అద్దడం. అడుగు ఊడినచోట మైనం పట్టించిన దారంతో, పాత కన్నాల్లోంచే చేత్తో కుట్టాడు. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా సొల్యూషన్ పూసి అంటించి చేతిలో పెడుతున్నారు. మూడు నెలలకి మళ్ళీ నోరు తెరుస్తుంది. కుట్టే చెయ్యి ఊళ్ళో ఒక్కటే మిగిలిందంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అసలైనది పోల్చుకోవడం కూడా ఆయనే నేర్పాడు. ఆరె, అంటే తోలుకి కన్నాలు పొడిచే సూది, దాని మొనని రంగు ముక్క అంచు కింద మెల్లగా దూర్చి చూపించాడు. అసలుదైతే రెండు వేరు తోళ్ళు, ఒకదాని మీద ఒకటి కుట్టినవి. రంపపు పళ్ళలా కత్తిరించిన అంచు గోటికి తగులుతుంది. నకిలీది ఒకటే తోలు, పైన రంగు పూసి ఉత్తుత్తి కుట్టు వేస్తారు. వేళ్ళ దగ్గర మడతపడేచోట చూస్తే ఆ రంగు పెచ్చులు లేచి ఉంటుంది. ఇంకో సంగతి, తోలుని వేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలుతోందంటే అది కుళ్ళిన తోలు. ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు అడుగు ఫొటో పెట్టరు, మడత దగ్గర ఫొటో పెట్టరు, నాలుగేళ్ళనాటి దానికి వింటేజ్ అని పేరు పెడతారు. అందుకే చేత్తో పట్టుకోకుండా నేను ఒక్కటీ కొనలేదు.

అన్నిటికంటే నాకు మండేది నల్లరంగు. మా బంధువుల అబ్బాయి ఒకడు ఇంటర్వ్యూకి పనికొస్తాయని వాళ్ళ తాతగారి బూట్లకి మొత్తం నల్లరంగు కొట్టించాడు. లేసు కన్నాల చుట్టూ ఇంకా తెలుపు కనిపిస్తోంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లముక్కే ఆ బూటు ప్రాణం. మచ్చ పడితే పడనివ్వండి, చారలుంటే ఉండనివ్వండి, దాని మీద మాత్రం రంగు వెయ్యకండి.

2014 సంక్రాంతికి, మాట ఇచ్చినట్టే, తొడుక్కుని పర్లాకిమిడి వెళ్ళాను. నూనెమచ్చ గురించి ఏం చెప్పాలా అని దారంతా గుండె పీకుతూనే ఉంది. మామ్మగారు మచ్చ వంక చూడనే లేదు. "ఇదేం కట్టడం? ఆయన ఇలా కట్టేవారు కాదు" అని బూట్లు విప్పించి ఒళ్ళో పెట్టుకున్నారు. లేసులు మొత్తం లాగేసి, పైకి అడ్డగీతల్లా కనిపించేలా ఒక్కో కన్నంలోంచీ మళ్ళీ ఎక్కించారు. చేతులు వణుకుతున్నా ఒక్క కన్నం తప్పలేదు. అప్పటినుంచి ఆ లేసులు నేను విప్పలేదు, వదులు చేసుకుని కాలు దూరుస్తాను.

మీ కాలు ఎనిమిదో నంబరైతే చెప్పండి. ఖరగ్‌పూర్‌లో దొరికిన నలుపు-తెలుపు జోడు ఒకటి ఉంది, నాకు పట్టదు. డబ్బు వద్దు, నల్లరంగు కొట్టించనని మాటిస్తే చాలు.