అన్నయ్యను ఆసుపత్రి నుంచి అద్దింటికి మార్చాలంటే

ప్రశ్న: మా అన్నయ్య స్కిజోఫ్రీనియాతో పద్నాలుగేళ్లుగా విశాఖలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు కుదుటపడ్డాడు, తీసుకెళ్లొచ్చంటున్నారు. అమ్మానాన్నలు లేరు. తనలాంటి మరో ఇద్దరు ముగ్గురితో కలిపి కావలిలో ఇల్లు అద్దెకు తీసుకుంటే సాగుతుందా?
– ఒక చెల్లెలు, కావలి

జవాబు: సాగుతుందమ్మా. ఇంట్లోవాళ్లు లేరనో, రానివ్వలేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. తమిళనాడులో ద బన్యన్ సంస్థ 2015 నుంచి నలుగురైదుగురిని మామూలు వీధుల్లో, మామూలు ఇళ్లలో కలిపి ఉంచుతోంది. అయితే జీతానికి మనిషిని పెట్టి నడిపే ఇంటికి రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్ట్రేషన్ కావాలేమో ముందే కనుక్కోండి. ఎవరితో ఉండాలనేది మాత్రం మీ అన్నయ్యే చెప్పాలి.

ఎక్కువగా బెడిసికొట్టేది మందుల దగ్గర. ఆయన క్లోజపిన్ అనే స్కిజోఫ్రీనియా మందు వాడుతుంటే మరీ జాగ్రత్త. 48 గంటలకు మించి మాత్ర పడకపోతే పాత మోతాదు ఒక్కసారిగా వేయకూడదు, బీపీ పడిపోయి స్పృహ తప్పొచ్చు. డాక్టరు మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి పెంచుకు రావాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే తెల్లరక్తకణాల పరీక్ష చేయించాలి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, పేగు కదలిక ఆగి ప్రాణం మీదికి రావచ్చు. బయటికొచ్చాక బీడీలు మొదలుపెడితే ఒంట్లో మందు తగ్గిపోతుంది, మానేస్తే పెరుగుతుంది. రెండూ డాక్టరుకు చెప్పాల్సినవే. నెలకు సరిపడా మందులు చేతికొచ్చి, నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించుకునే తేదీ ఖాయమయ్యాకే బయల్దేరండి.

వార్డులో గంట కొడితే అన్నం, పిలిస్తే మాత్ర. అందుకే ఇంటికొచ్చాక ఆకలేసినా అడక్కుండా కూర్చుంటారు. దాన్ని బద్ధకమనుకుని కసురుకుంటే ముడుచుకుపోతారు. ముందు రెండు మూడుసార్లు సెలవు మీద తెచ్చి ఉంచండి. టీ పెట్టడం నుంచి మొదలెట్టండి: రెగ్యులేటర్ తిప్పడం, లైటర్ నొక్కడం, కాగాక స్టవ్ కట్టి మళ్లీ రెగ్యులేటర్ ఆపడం. మీరు చేసి చూపించి, తర్వాత పక్కన నిలబడి ఆయన చేతే చేయించండి. పాల ప్యాకెట్‌కు యాభై ఇచ్చి చిల్లర ఆయన్నే లెక్కపెట్టనివ్వండి.

రేషన్ కార్డులో పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా ఇప్పుడే సరిచూసుకోండి. ఇవి లేక చాలామందికి పింఛను ఆగిపోతుంది. వైకల్యం 40 శాతమని సదరం సర్టిఫికెట్ ఇస్తే నెలకు రూ. 6,000కు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇంటి ఓనరుకు ఏం చెప్పాలో అన్నయ్యనడిగి, ఆయన ఒప్పుకున్నంతే చెప్పండి. వరసగా రెండు రాత్రులు నిద్రపోకపోయినా, మాత్రలు దాచేస్తున్నా డాక్టరును కలవండి. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.