బీచ్ కాకుండా ఇంకెక్కడికి?

ప్రశ్న: మాది విశాఖ. ఆదివారం వస్తే పిల్లలతో బీచ్‌కే వెళ్తున్నాం. ఊరి చరిత్ర తెలిసేలా, కాస్త నడిచేలా ఒక్క పూటలో చూసొచ్చే చోటు ఏదైనా చెప్పండి.

జవాబు: తొట్లకొండ ఎక్కండి. భీమిలి రోడ్డులోనే, కాకపోతే ఎండెక్కక ముందే వెళ్లాలి. సుమారు రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటది, వాన నీళ్లు పట్టుకోడానికి వాళ్లు రాతిని తొలిచి చేసుకున్న తొట్ల వల్లే కొండకి ఆ పేరొచ్చింది. ముందు ఆ తొట్లే పిల్లలకి చూపించండి. పైనుంచి సముద్రం కనిపిస్తుంటే, నాకైతే దిగబుద్ధి కాదు. టైముంటే అటే భీమిలి వెళ్లి డచ్చివారి సమాధులు చూసి రండి. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండని మాత్రం ఇంకో ఆదివారానికి ఉంచుకోండి, కొండరాతిలోనే చెక్కిన ఆ స్తూపాలు హడావుడిగా చూసేవి కావు.