పాలమూరు జిల్లాలో మానసిక వైద్యం: డాక్టరు కాక ఇంకెవరిని కలవాలి?

ఇరవై రెండేళ్ల మీ తమ్ముడికి స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటివి ఉండే మానసిక జబ్బు) అని హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు వైద్యుడు నిర్ధారించారని, అచ్చంపేట నుంచి నెలనెలా అక్కడికి తీసుకుపోయే స్తోమత ఇక లేదని రాశారు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపిస్తే సరిపోతుందా, అక్కడ డాక్టరు కాక ఇంకెవరుంటారు, లేక హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికే పోవాలా అన్నది మీ ప్రశ్న. మా అన్నకు ఇదే జబ్బు. ఎన్నో ఏళ్లుగా మా ఇంటివాళ్లం ప్రభుత్వ మానసిక వైద్య విభాగం మీదనే ఆధారపడి ఉన్నాం కనుక తెలిసినంత వరకు రాస్తున్నాను. ఈ జబ్బు విషయంలో ఎంత పెద్ద ఆసుపత్రికి పోయామన్నదాని కంటే, ఏ ఆసుపత్రికి నెలనెలా తప్పకుండా పోగలమన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. ఆ రాకపోకలు తెగిపోకుండా చూసేది డాక్టరు కంటే ఎక్కువగా ఆయన చుట్టూ ఉండే సిబ్బంది.

ఆ లెక్కన చూస్తే మీరు మహబూబ్‌నగర్ దాకా కూడా పోవలసిన అవసరం ఉండకపోవచ్చు. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో మొదలైతే, మీ జిల్లా కేంద్రమైన నాగర్‌కర్నూల్‌లోనూ వనపర్తిలోనూ 2022లో వచ్చాయి. వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉండాలి కాబట్టి ముందుగా నాగర్‌కర్నూల్‌లో సైకియాట్రీ ఓపీ ఏయే రోజుల్లో ఉంటుందో కనుక్కోండి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు గనుక మీరో మీ అమ్మగారో తోడుపోతే తమ్ముడి ఛార్జీ ఒక్కటే ఖర్చు. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, కూలి పోగొట్టుకుని తోడు వచ్చేవాళ్లకు ఇదే పెద్ద ఊరట.

సిబ్బంది సంగతికి వస్తే, 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద 1996 నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నడుస్తున్నది. దాని ప్రకారం జిల్లా బృందంలో మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సు, రికార్డులు చూసేవాళ్లు ఉండాలి. ఉండాలన్నది కాగితం మీది మాట. అన్ని పోస్టులూ అన్ని వేళలా నిండి ఉండవు, ఒక్కోసారి ఒకే మనిషి రెండు జిల్లాలు చూసుకోవలసి వస్తుంది. అందువల్ల "డాక్టరు ఎప్పుడుంటారు" అని మాత్రమే కాక, మిగిలినవాళ్లు ఎవరెవరు ఉన్నారో, ఏ రోజున ఉంటారో కూడా అడగడం మంచిది.

డాక్టరు గురించి రాయవలసింది తక్కువ. ఓపీలో జనం ఎక్కువగా ఉంటారు, మనకు దొరికే సమయం కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో నిద్ర ఎట్లున్నది, తిండి ఎట్లున్నది, తనలో తాను మాట్లాడుకోవడం తగ్గిందా పెరిగిందా, మాత్రలు ఎన్ని రోజులు తప్పాయి అన్నవి చెప్పగలిగితే చాలు. మేము ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని పోతాం. పాత చరిత్రంతా మొదటినుంచీ చెప్పుకుందామంటే అక్కడ కుదరదు. దానికి వేరే మనిషి ఉన్నారు.

ఆ మనిషే సోషల్ వర్కర్. మా అన్న విషయంలో మలుపు తెచ్చింది ఆమె అడిగిన ఒక ప్రశ్న. తాగుడు అలవాటు ఉందా అని డాక్టరు అడిగినప్పుడు మా అమ్మ లేదన్నది. అది అబద్ధం కాదు, మా ఊళ్లలో కల్లును తాగుడు కింద ఎవరూ లెక్కపెట్టరు. సోషల్ వర్కర్ మాత్రం తాగుడు మాట ఎత్తకుండా, పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా అన్న ఎక్కడెక్కడికి పోతాడో వరుసగా అడిగి, సాయంత్రం కల్లు దుకాణం దగ్గర ఆగుతాడని తేల్చుకున్నారు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలుపుతారన్నది పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. ఆసుపత్రి మాత్రల మీద ఆ మత్తు కూడా తోడైతే మనిషి మరీ మగతలోకి జారిపోయే ప్రమాదం ఉంటుంది. అలవాటైన మనిషికి అది ఒక్కసారిగా అందకపోతే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, చివరికి మూర్ఛ కూడా రావచ్చు. అట్లా వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లం పాత జబ్బే తిరగబెట్టిందనుకుంటాం. మీ తమ్ముడికి ఆ అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. మీ అంతట మీరు ఒక్కరోజులో మాన్పించవద్దు, డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి.

ఆమె చేసిన రెండో పని మా ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడటం. మా అనుమతి అడిగిన తర్వాతే మాట్లాడారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత సిబ్బంది మీద ఉన్నది కాబట్టి, ఊళ్లో తెలిసిపోతుందేమో, చెల్లెలి పెండ్లికి అడ్డమవుతుందేమో అన్న భయంతో ఆసుపత్రికి పోవడమే మానుకోవద్దు. ఆశా అక్క వారానికి ఒకసారి ఇంటి ముందు నుంచి పోతూ పలకరించేది, మాత్రలు వేసుకున్నాడా అని నేరుగా ఎప్పుడూ అడగలేదు. పల్లె దవాఖానలో బీపీ, షుగరు చూపించుకొమ్మని గుర్తుచేసేది. ఈ జబ్బుకు వాడే ఒలాంజపిన్ వంటి మందులతో బరువు, షుగరు పెరిగే అవకాశం ఉంది గనుక ఆ పరీక్షలు నిజంగా అవసరం. ఇంకో సంగతి, మేము అన్నను కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ల దర్గాకు తీసుకుపోతామని చెప్పినప్పుడు సోషల్ వర్కర్ కాదనలేదు, మాత్రల సంచి వెంట తీసుకుపొమ్మన్నారు, అంతే. ఆమె ఆనాడు కసురుకుని ఉంటే మా అమ్మ మళ్లీ ఆ ఆసుపత్రి గడప తొక్కేది కాదని నాకు గట్టి నమ్మకం.

నర్సుల దగ్గర నేర్చుకున్నది కూడా తక్కువేమీ కాదు. మాత్రలు మింగనని మొండికేసే రోజుల్లో చాలా ఇండ్లల్లో చేసే పని వాటిని పొడి చేసి కూరలోనో చాయలోనో కలిపి ఇవ్వడం. తిండిలో ఏదో కలుపుతున్నారన్న అనుమానమే ఈ జబ్బు లక్షణాలలో ఒకటైనప్పుడు, నిజంగానే కలిపి దొరికిపోతే ఆ మనిషి ఇక ఇంటి తిండిని నమ్మడు. దీనికి బదులుగా రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి తుంటికి వేసే ఇంజెక్షన్ ఉన్నదని మాకు మొదట చెప్పింది నర్సే. ఫ్లూఫెనజిన్ వంటి పాత మందులు ఆ రూపంలో దొరుకుతాయి, అది తగినదా కాదా డాక్టరు నిర్ణయిస్తారు. నోరు పక్కకు లాగడం, ఒళ్లు బిగుసుకుపోవడం, కాళ్లు ఒకచోట నిలవనీయకపోవడం మందుల వల్ల కూడా రావచ్చని, అప్పుడు మందు ఆపకుండా వెంటనే వచ్చి చూపించుకోవాలని వివరించింది కూడా ఆమే. మా పక్క ఊరి అబ్బాయి ఒకడు ఈ సంగతి చెప్పేవాళ్లు లేక, మందు పడలేదనుకుని మొత్తంగా మానేశాడు.

సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాట్లాడతారు, ఇంట్లోవాళ్లు ఎట్లా మెలగాలో చెబుతారు. మందులతో కాస్త కుదుటపడిన తర్వాతే ఆ మాటలు మనిషికి ఎక్కుతాయని నాకు అనిపించింది.

మందుల కౌంటర్ దగ్గర ఒక్కోసారి "ఈ మందు లేదు, బయట కొనుక్కోండి" అంటారు. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని ఆపై ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఎల్లవేళలా ఉచితంగా అందుబాటులో ఉండాలని 2017 చట్టమే చెబుతున్నది. గొడవ పడమని నా ఉద్దేశం కాదు. ఫార్మసిస్టును నెమ్మదిగా అడిగి, స్టాకు ఎప్పుడు వస్తుందో రాసుకుని, అప్పటిదాకా వాడదగిన మందు ఏదైనా ఉన్నదేమో డాక్టరుతో రాయించుకోండి. కొంచెం బాగైన తర్వాత మీ తమ్ముడు మేస్త్రీ వెంట పుణెకో ముంబైకో పనికి పోతానంటే, పాలమూరు బిడ్డలకు ఇది కొత్త కాదు గనుక, పోయే ముందు ఆసుపత్రిలో చెప్పి ఎక్కువ రోజులకు మందులు, చీటీ నకలు తీసుకోండి. చీటీ లేకుండా ఈ మందులు బయట అమ్మకూడదు.

పింఛను గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం మంచిది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాలలో మానసిక వ్యాధి కూడా ఉన్నది. 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు, 2023లో ఆ మొత్తాన్ని 4,016 రూపాయలకు పెంచారు. ఆ సర్టిఫికెట్ కోసం వైకల్యాన్ని పరీక్షించే సదరం శిబిరానికి ముందుగా స్లాటు తీసుకోవాలి. అక్కడ చూసేది నాలుగు సంగతులు: తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట అర్థం చేసుకుని చెప్పగలగడం, సంపాదించే పని చేయగలగడం. బిడ్డ పరువు కాపాడాలనో ఏమో, మన తల్లులు ఆ రోజు "ఇప్పుడు బాగానే ఉన్నాడు సార్" అంటారు. అందుకే శిబిరానికి ముందు సోషల్ వర్కర్‌తో ఒకసారి కూర్చుని, చెడ్డ రోజుల్లో ఇంట్లో ఎట్లా ఉంటుందో ఉన్నదున్నట్టు రాసుకుపోవడం మేలు.

ఇక ఎర్రగడ్డ. అక్కడి మానసిక చికిత్సాలయం మన రాష్ట్రానికి పెద్ద దిక్కు, దాన్ని తక్కువ చేయను. తన ప్రాణానికో ఎదుటివాళ్లకో హాని చేసే పరిస్థితి వచ్చినా, తిండి నీళ్లు మానేసినా, జిల్లా డాక్టరు రాసిచ్చినా ఆలస్యం చేయకుండా పోవాలి, దూరమైతే 108కు ఫోన్ చేసి ముందు దగ్గరి ఆసుపత్రికి చేర్చాలి. నెలనెలా మందుల కోసం మాత్రం అంత దూరం అక్కరలేదు. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి, 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులుండవు.

ఒక హెచ్చరిక కూడా. నగరం అంచుల్లో "మానసిక పునరావాసం, తాగుడు మాన్పించడం" అని బోర్డులు పెట్టుకున్న చోట్లు చాలా ఉన్నాయి. మా అన్నను అట్లాంటి ఒకచోట ఉంచినప్పుడు డాక్టరు కంటికి కనబడలేదు, మమ్మల్ని కలవనీయలేదు, తిరిగి వచ్చేసరికి కాలికి గొలుసు మచ్చ ఉన్నది. ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది. అట్లాంటి కేంద్రాలు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు కావాలి, ఆ పత్రం చూపించనివాళ్ల దగ్గర బిడ్డను వదలవద్దు.

మొదటిసారి పోయేటప్పుడు పాత చీటీలన్నీ, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. హైదరాబాద్ ఆసుపత్రి నుంచి చికిత్స రికార్డుల నకళ్లు అడగండి, తన వైద్య రికార్డులు చూసుకునే హక్కు రోగికి చట్టం ఇచ్చింది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే సోషల్ వర్కర్ ఆ రోజు ఉన్నారో లేదో అడగండి. లేరంటే డాక్టరుకు చూపించి మందులు తీసుకోండి, వచ్చే నెల ఆమె ఉండే రోజుకే తారీఖు వేయమనండి.