సిటిజన్‌షిప్ లేకుండా అమెరికాలో గవర్నమెంటు ఉద్యోగం వస్తుందా? నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: భర్తకి హెచ్1బీ (ఉద్యోగ వీసా), మీకు హెచ్4 (ఆ వీసావాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఈఏడీ (పనిచేసుకునే అనుమతి కార్డు), ఇండియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశారు, ఇక్కడ గవర్నమెంటు ల్యాబుల్లో ఖాళీలు కనిపిస్తున్నాయి, కానీ తెలిసినవాళ్ళంతా "సిటిజన్ కానిదే ఆ గడప తొక్కనివ్వరు, దండగ" అంటున్నారు, నిజమేనా అని. సగమే నిజమండీ. నేను ఆ సగం మాట మొత్తం నిజమని నమ్మి, చేతిలో ఈఏడీ పెట్టుకుని ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్నాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి. నాన్నగారు వాటర్ వర్క్స్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. పెళ్ళయి 2009లో వచ్చాను. 2015 మేలో హెచ్4 వాళ్ళకి ఈఏడీ ఇవ్వడం మొదలైంది కదా (అందరికీ కాదు, భర్తకి ఐ-140, అంటే కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్, అప్రూవ్ అయి ఉండాలి, లేదా ఆరేళ్ళు దాటి హెచ్1 పొడిగింపులో ఉండాలి), ఆ ఏడాది చివర్లో నాకూ కార్డు వచ్చింది. ఆరేళ్ళు ఖాళీగా ఉన్న రెజ్యూమెని ప్రైవేటు ల్యాబులు చూడను కూడా చూడలేదు. గవర్నమెంటువైపు నేనే చూడలేదు. ఒకరోజు లైబ్రరీలో నోటీసు బోర్డు మీద మా కౌంటీ (మన జిల్లా లాంటిది) నీటి పరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్ కావాలన్న కాగితం కనపడింది. కింద చిన్న అక్షరాల్లో "అమెరికాలో పనిచేసేందుకు చట్టబద్ధమైన అనుమతి ఉండాలి" అని మాత్రమే ఉంది. సిటిజన్ అన్న మాట ఎక్కడా లేదు. ఆ కాగితం ముందు నిలబడి మూడుసార్లు చదివాను.

2017 ఏప్రిల్‌లో చేరాను. ఇంటర్వ్యూలో వీసా గురించి ఎవరూ అడగలేదు. చేరిన రోజు ఐ-9 ఫారం (పని అనుమతి ఉందో లేదో చూసే కాగితం) నింపేటప్పుడు ఈఏడీ కార్డు చూపించాను, అంతే.

అక్కడ పని ఏమిటంటే, ఊళ్ళో బావుల నుంచి, కుళాయిల నుంచి, స్కూళ్ళ నుంచి వచ్చిన నీళ్ళ సీసాలు ఒక్కొక్కటీ వంద మిల్లీలీటర్లు కొలిచి, పొడి కలిపి, చిన్న చిన్న గళ్ళున్న ట్రేలో పోసి సీలు వేసి, 35 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 24 గంటలు ఉంచాలి. మర్నాడు తీస్తే గడులు పసుపుపచ్చగా మారితే కోలిఫామ్ అనే బ్యాక్టీరియా ఉన్నట్టు, లైటార్పి అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే నీలంగా మెరిస్తే ఈ.కోలై ఉన్నట్టు. మొదటివారం నాన్నకి ఫోన్‌లో ఇది చెబితే ఆయన చాలాసేపు నవ్వారు. ఆయన సర్వీసంతా కుళాయి నీళ్ళు పట్టి క్లోరోస్కోపులో చుక్క మందు వేసి, పసుపు రంగు వస్తే "అమ్మయ్య, క్లోరిన్ అందింది" అనుకున్న మనిషి. అక్కడ పసుపు వస్తే ఊరు క్షేమం, ఇక్కడ పసుపు వస్తే ఊరంతటికీ ఫోన్లు చెయ్యాలి. "ఏదైతేనేం, నువ్వూ గవర్నమెంటు నీళ్ళ ఉద్యోగంలోనే చేరావు" అన్నారు.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ గవర్నమెంటు అంటే ఒకటి కాదు. ఫెడరల్ (కేంద్రం) వేరు, స్టేట్ వేరు, కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ ఎవరి దారి వాళ్ళది. మనవాళ్ళు ఈ అన్నిటినీ ఒకే గాటన కట్టేసి "రాదు" అంటారు. సిటిజన్ అయి తీరాలనే నిబంధన గట్టిగా ఉన్నది ఫెడరల్‌లో. స్టేట్, కౌంటీ, సిటీల్లో మామూలు ఉద్యోగాలకి, అంటే ల్యాబ్, అకౌంట్స్, ఇంజనీరింగ్, ఐటీ, లైబ్రరీ, నర్సు, ఇలాంటివాటికి చాలాచోట్ల వర్క్ ఆథరైజేషన్ ఉంటే చాలు. చాలా కౌంటీలు హెచ్1బీ స్పాన్సర్ చెయ్యవు, ఆ మాట ప్రకటనలోనే రాసేస్తాయి, కానీ మీకు స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు కదా, ఈఏడీ ఉంది. స్పాన్సర్ చెయ్యం అన్న ముక్క చూసి వెనక్కి తగ్గకండి. నేనైతే ప్రకటనలు చూడకుండానే తగ్గాను, అది నాకు తగిలిన దెబ్బ.

స్టేట్‌లు ఇలా తలుపు తీసి ఉంచడం వాళ్ళ మంచితనం వల్ల కాదు. ఒకప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలో పోటీ పరీక్షల ద్వారా వచ్చే సర్కారు కొలువులన్నీ సిటిజన్లకే అని చట్టం ఉండేది. ఆ చట్టం వల్ల సిటీ ఉద్యోగాలు పోగొట్టుకున్న నలుగురు గ్రీన్ కార్డువాళ్ళు కోర్టుకెళ్ళారు. 1973లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదంది. అంత గంపగుత్తగా అందర్నీ బయట పెట్టకూడదు, విధానాలు నిర్ణయించే, అధికారం చెలాయించే కొలువులకైతే పెట్టుకోండి అంది. ఆ చివరి ముక్క పట్టుకుని తర్వాత 1978లో స్టేట్ పోలీసులకి, 1979లో గవర్నమెంటు బడి టీచర్లకి, 1982లో ప్రొబేషన్ ఆఫీసర్లకి సిటిజన్ నిబంధన ఉండొచ్చని తీర్పులొచ్చాయి. 1984లో టెక్సాస్ నోటరీ విషయంలో మాత్రం కుదరదంది. నిబంధన పెట్టుకోవచ్చు అన్నారు గానీ పెట్టి తీరాలని కాదు, అందుకే స్టేట్‌కో తీరు. కాలిఫోర్నియా అయితే పోలీసులకే 2023 నుంచి తీసేసింది, పనిచేసే అనుమతి ఉంటే చాలంది. కాబట్టి పోలీసు, టీచరు పోస్టులైతే మీ స్టేట్ రూలు విడిగా చూసుకోండి. ల్యాబ్‌కి ఆ గొడవ లేదు.

ఫెడరల్ సంగతి చెప్తాను, అక్కడే నాకు కడుపు మండింది. మాకు గ్రీన్ కార్డు 2021 ఆగస్టులో వచ్చింది. మరుసటేడు మా ఊరికి గంట దూరంలో ఒక ఫెడరల్ ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్ట్ పోస్టు పడింది. నేను ఐదేళ్ళుగా చేస్తున్న పనే, జీతం ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. రెండు రాత్రులు కూర్చుని రెజ్యూమె వాళ్ళడిగిన పద్ధతిలో తయారుచేశాను. ఆన్‌లైన్ దరఖాస్తులో మొదట్లోనే ప్రశ్న: మీరు అమెరికా సిటిజనేనా? కాదు అని నొక్కాను. మిగతా ప్రశ్నలన్నీ నింపనిచ్చింది. పంపిన కాసేపటికే అనర్హులు అని మెయిల్. నా పనితనం, నా చదువు ఎవరూ చూసిందే లేదు. ఆ మర్నాడు మళ్ళీ అదే నీలం దీపం కింద కూర్చుని, ఈ ఊరి పిల్లలు తాగే నీళ్ళకి సంతకం పెట్టడానికి పనికొచ్చిన దాన్ని అక్కడ పనికిరాకపోవడం ఏమిటా అని ఏడుపొచ్చింది. ఇప్పటికీ ఆ రూలు న్యాయమని నేను అనుకోను. రహస్యాలుండే చోట, సైన్యంలో, దేశ విధానాలు రాసే చోట పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. సూక్ష్మజీవులు లెక్కపెట్టే బల్ల దగ్గర ఎందుకు?

ఆ రూలు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు వెతికి చదివాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐదుగురు చైనా గ్రీన్ కార్డువాళ్ళు వేసిన కేసు. వాళ్ళలో ఒకావిడ క్లర్క్ టైపిస్ట్ ఉద్యోగానికి వెళ్తే సిటిజన్ కాదని టైపింగ్ పరీక్ష కూడా రాయనివ్వలేదు. 1976 జూన్‌లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. అయితే కారణం ఏం చెప్పిందంటే, అలాంటి రూలు ప్రెసిడెంటో కాంగ్రెస్సో పెట్టాలి గానీ ఉద్యోగాలు చూసుకునే కమిషన్ తనంతట తాను పెట్టకూడదంది. అంతే, సెప్టెంబర్ 2న ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం చేసిన ఆర్డరుతో (నంబర్ 11935) అదే రూలు మళ్ళీ వచ్చి కూర్చుంది. యాభై ఏళ్ళుగా అదే నడుస్తోంది. గెలిచిన కేసు చేతిలోంచి మూడు నెలల్లో జారిపోయింది.

చిన్న చిన్న సందులు ఉన్నాయి. పోస్టాఫీసు గ్రీన్ కార్డువాళ్ళని తీసుకుంటుంది. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో అర్హులైన సిటిజన్లు దొరక్కపోతే డాక్టర్లని, నర్సుల్ని తీసుకునే వీలుంది. ఇంకోటి, రక్షణ ఎగుమతుల చట్టం పేరు చెప్పి "సిటిజన్లు మాత్రమే" అని రాసే ప్రైవేటు కంపెనీల ప్రకటనలు చూస్తుంటారు, ఆ చట్టం గ్రీన్ కార్డువాళ్ళని కూడా లోపలివాళ్ళుగానే లెక్కేస్తుంది. గ్రీన్ కార్డు వచ్చాక ఇలాంటివి అడగొచ్చు. పైగా సిటిజన్ కాదని ఉద్యోగం నిరాకరించడం నుంచి చట్టం ఇచ్చే రక్షణ గ్రీన్ కార్డువాళ్ళకి ఉంది, కానీ సిటిజన్‌షిప్‌కి అర్హత వచ్చిన ఆరు నెలల్లోపు అప్లై చెయ్యకపోతే ఆ రక్షణ పోతుంది. ఇది చాలామందికి తెలీదు. హెచ్4 వాళ్ళకి అసలు ఆ రక్షణే లేదు, అది గుర్తుంచుకోండి.

"ఐదేళ్ళు ఆగితే సిటిజన్‌షిప్ వస్తుందిగా" అంటారు మిగతా దేశాలవాళ్ళు. ఆ ఐదేళ్ళు గ్రీన్ కార్డు వచ్చాక లెక్క. మా ఆయన గ్రీన్ కార్డు క్యూలో నిలబడ్డది 2010 నవంబర్‌లో. ఏడాదికి లక్షా నలభై వేల ఉద్యోగ గ్రీన్ కార్డులు, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు, మనవాళ్ళేమో లక్షల్లో. కార్డు రావడానికి దాదాపు పదకొండేళ్ళు. ఐదేళ్ళ లెక్క అక్కణ్ణుంచి మొదలు. తొంభై రోజుల ముందే వెయ్యొచ్చు కాబట్టి నేను 2026 మేలో అప్లై చెయ్యగలను. అంటే క్యూలో నిలబడ్డ పదహారో ఏడు. ఒకే రూలు, కెనడాలో పుట్టినవాళ్ళకి ఒకలా, తెనాలిలో పుట్టిన నాకు ఒకలా తగులుతోంది.

పోనీ సిటిజన్‌షిప్ తీసుకుంటే ఇండియాలో పోయేదీ ఉంది. మనకి రెండు పౌరసత్వాలు కుదరవు, పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చే కార్డు) తీసుకోవాలి. ఓసీఐ ఉన్నవాళ్ళకి ఇండియాలో ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశం వర్తించదని పౌరసత్వ చట్టం 7బీ సెక్షన్‌లోనే ఉంది. రేపెప్పుడైనా వెనక్కి వెళ్ళి యూనివర్సిటీలోనో ఏ జిల్లా ల్యాబ్‌లోనో పనిచెయ్యాలన్న ఆశ ఉంటే ఇది ముందే ఆలోచించుకోవాలి. మన దేశమూ గిరి గీసింది, కాకపోతే కొన్నిచోట్ల మనసు చూపించింది. ఐఏఎస్, ఐపీఎస్‌లకి భారత పౌరులే కావాలి గానీ, మిగతా చాలా కేంద్ర సర్వీసులకి నేపాల్, భూటాన్ వాళ్ళు, 1962కి ముందొచ్చిన టిబెట్ శరణార్థులు, బర్మా, శ్రీలంక లాంటి దేశాల నుంచి స్థిరపడదామని తిరిగొచ్చిన భారత సంతతివాళ్ళు అర్హతా పత్రంతో రాయొచ్చు. వైజాగ్‌లో మా మేనత్త ఇంటి పక్కన రంగూన్ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. అలాంటివాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసిన లైను అది. అలాంటి ఒక్క లైను ఇక్కడ కూడా ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక మీరు చెయ్యాల్సింది. మీ కౌంటీ, సిటీ, చుట్టుపక్కల నాలుగు కౌంటీల హెచ్ఆర్ పేజీల్లో విడివిడిగా అలర్ట్ పెట్టుకోండి. నీటి శుద్ధి ప్లాంట్లు, మురుగునీటి ప్లాంట్లు, పబ్లిక్ హెల్త్ ల్యాబులు, స్టేట్ వ్యవసాయ శాఖ ల్యాబులు, ఇవన్నీ కెమిస్ట్రీవాళ్ళని తీసుకునేవే. మన డిగ్రీకి క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ (ఇక్కడి ఏ డిగ్రీకి సమానమో చెప్పే పత్రం) ఇప్పుడే చేయించి పెట్టుకోండి, నాకు అది లేక ఒక ఇంటర్వ్యూ తప్పిపోయింది. ప్రకటనలో అనుమానం ఉంటే హెచ్ఆర్‌కి ఫోన్ చేసి ఒక్క ముక్క అడగండి: పని అనుమతి చాలా, సిటిజన్ అయి ఉండాలా? వాళ్ళు విసుక్కోరు.

ఈఏడీ గడువు మాత్రం కంటికి రెప్పలా చూసుకోండి. 2019లో నా రెన్యువల్ కార్డు రావడం ఆలస్యమై 47 రోజులు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. గడువు తేదీ సాయంత్రం బ్యాడ్జి తిరిగిచ్చేసి, ఇంక్యుబేటర్‌లో పెట్టిన ట్రేలు మర్నాడు ఎవరు చూడాలో కాగితం మీద రాసి వచ్చాను. నా బల్ల మీద పని ఆ ఏడు వారాలూ ఇద్దరు పంచుకున్నారు. ఉద్యోగం నిలిచింది, ఎందుకంటే సూపర్‌వైజర్‌కి నాలుగు నెలల ముందే చెప్పి ఉంచాను. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు (కొత్త కార్డు వచ్చేదాకా పాతదాని మీదే పనిచెయ్యనివ్వడం) మళ్ళీ తీసేశారు కాబట్టి, 180 రోజుల ముందు తలుపు తెరుచుకున్న రోజే వేసెయ్యండి, చేరేటప్పుడే పై అధికారికి ఈ సంగతి చెప్పి పెట్టండి.

మీరు ఏ స్టేట్‌లో ఉన్నారో రాస్తే, అక్కడ నీటి ల్యాబ్ టెక్నీషియన్‌కి లైసెన్సు అడుగుతారో లేదో నాకు తెలిసినంతలో చూసి చెప్తాను.