చేపపిల్లలు వదిలితే కొర్రమీను వస్తుందా?

ప్రశ్న: సార్, మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఆదివారమైతే నేనూ మా బావమరిదీ గాలాలతో చెరువుకట్ట మీదే ఉంటాం. ఒకప్పుడు మంచి కొర్రమీన్లు పడేవి. ఇప్పుడు అరచేయంత జిలేబీలు తప్ప ఏమీ లేవు. చేపల సొసైటీవాళ్లతో ఈసారి ఎక్కువ చేపపిల్లలు వదిలిస్తే బాగుపడుతుందా? పొలుసు చూసి చేప వయసు చెప్పొచ్చంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: వదిలించండి, వద్దనను. కానీ వాళ్లు వదిలేది బొచ్చె, శీలావతి. అవి నిలవనీటి చెరువులో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీళ్లు కావాలి. అందుకే ఏటా వదలాల్సి వస్తుంది. వదిలేటప్పుడు పిల్ల పది సెంటీమీటర్లు ఉండేలా చూడమనండి, మరీ చిన్నవైతే వేరే చేపలకు మేతే. మీ కొర్రమీను కథ మాత్రం వేరు.

జిలేబీ అంటే తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చారు. తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది, ఏడాదిలో చాలాసార్లు పెడుతుంది. మంద పెరిగి తిండి చాలకపోతే వేలెడంత ఉండగానే గుడ్లకొచ్చి, ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. ఈసారి పడినవాటి పొట్ట కోసి చూడండి. గుడ్లుంటే అవి పిల్లలు కావు, ముదుర్లే. పొలుసు మీద వలయాలు నిజమే గానీ, అవి చలిదేశాల్లో బాగా పనికొస్తాయి. అక్కడ చలికాలంలో చేప ఎదగదు కాబట్టి గీతలు దగ్గరపడతాయి. మన ఎండల్లో ఆ లెక్క నమ్మలేం. పొడవు కొలుచుకోవడమే మేలు.

ఆ మందను తినాల్సిన కొర్రమీను, వాలుగలను మనమే ముందు కూర వండుకుంటాం. వానలు పడ్డాక నీటిపైన ఎర్రెర్రని పిల్లల గుంపు కనిపిస్తుంది, చూసే ఉంటారు. దాని కిందే పెద్ద కొర్రమీను కాపలా ఉంటుంది. గుంపు మధ్యలో గాలం వేస్తే అది ఆకలితో కాదు, కోపంతో కొరుకుతుంది. దాన్ని లాగేస్తే పిల్లలన్నీ మిగతా చేపల పాలే. దాన్ని గొప్ప నేర్పుగా చెప్పుకునేవాళ్లున్నారు. నాకైతే అది వేటే కాదు. గుంపు కనిపిస్తే అటు గాలం వేయకండి. మిగతా రోజుల్లో పడిన పెద్ద కొర్రమీన్లనూ వదిలేయండి. కొక్కెం వెనక ముల్లును కటింగ్ ప్లయర్‌తో నొక్కేస్తే సులువుగా ఊడుతుంది. చేతులు తడుపుకునే పట్టుకోండి, ఒంటిమీది జిగట పోకూడదు. జిలేబీలను మాత్రం ఒక్కటీ నీళ్లలోకి పంపొద్దు, వేయించుకోండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఎన్ని గాలాలు, ఎన్ని గంటలు, ఏం పడింది, పొడవెంత. ఏమీ పడని రోజు కూడా రాయాలి, లేకపోతే లెక్కంతా అబద్ధమవుతుంది. గంటకు పడే చేపలు తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా అనేది అందులోనే తెలుస్తుంది.

మొత్తం ఎన్నున్నాయో తెలియాలంటే డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ పేరుతో ఉన్న పద్ధతి ఉంది. అరవై చేపలకు రెక్క కొస కాస్త కత్తిరించి వదిలారనుకోండి. కొన్నాళ్లకు యాభై పడితే, అందులో గుర్తున్నవి ఆరు. అరవైని యాభైతో గుణించి ఆరుతో భాగిస్తే, చెరువులో సుమారు ఐదొందలు. గుర్తుపెట్టినవి మిగతావాటితో బాగా కలవాలి, ఈలోగా చావకూడదు, కొత్తవి చేరకూడదు. గాలాలతో అన్ని పట్టడం కష్టం కాబట్టి సొసైటీవాళ్లు వల వేసే రోజు అడగండి. చెరువు లీజు వాళ్లదే, ముందు వాళ్లు ఒప్పుకోవాలి.