ఆస్టిన్ ఇల్లు: ధర కోలుకునేదాకా ఆగాలా, ఇప్పుడే అమ్మాలా?

ప్రశ్న: టెక్సస్‌లో ఆస్టిన్ శివారు లియాండర్‌లో 2022 వేసవిలో 6,50,000 డాలర్లకు ఇల్లు కొన్నాం. 5 శాతం వడ్డీకి 5,20,000 అప్పు తీసుకున్నాం. ఇంకా 4,91,000 బాకీ ఉంది. మావారు హెచ్-1బీ మీద పనిచేస్తున్నారు. పిల్లల చదువుల కోసం ఈ ఏప్రిల్‌లో హైదరాబాద్‌ వచ్చేస్తున్నాం. 6,40,000కు ఇల్లు మార్కెట్‌లో పెట్టి నాలుగు నెలలైనా ఒక్క ఆఫరూ రాలేదు. మా వీధి చివరే బిల్డర్ అంతే విస్తీర్ణం గల కొత్త ఇళ్లను 5,70,000కు ఇస్తున్నాడు. హైదరాబాద్ వెళ్లాక, ధర కోలుకున్నప్పుడు అమ్ముకోవచ్చా?
— ఒక పాఠకురాలు, లియాండర్

జవాబు: ఆగవద్దనే నా సలహా. విమానం ఎక్కేలోపు అమ్మకం పూర్తి చేయడం మీకు అన్నివిధాలా మేలు.

మీరు కొన్నది ఆస్టిన్ ధరలు శిఖరాన ఉన్న రోజుల్లో. 2021లో 3 శాతం దగ్గర దొరికిన ముప్ఫై ఏళ్ల గృహరుణం 2023 అక్టోబరు నాటికి 8 శాతానికి చేరువైంది. అదే సమయంలో బిల్డర్లు కట్టిన ఇళ్లు ఒక్కసారిగా మార్కెట్‌లోకి రావడంతో కొనేవారికి ఎంచుకునే వీలు పెరిగింది, ధర దిగింది. కాబట్టి మీరు పెట్టిన సొమ్మును బట్టి కాక, వీధి చివరి కొత్త ఇంటిని బట్టే మీ ఇంటి ధర నిర్ణయమవుతుంది.

5,60,000కు అమ్మితే, కమీషను, ఇతర ఖర్చులు 6 శాతం అనుకున్నా, అప్పు తీరగా దాదాపు 35,000 చేతికొస్తాయి. కట్టిన 1,30,000 డౌన్ పేమెంటులో మిగిలేది అంతేనంటే మనసుకు కష్టంగా ఉంటుందని తెలుసు. పైగా సొంత నివాసం మీద వచ్చిన నష్టాన్ని అమెరికా పన్ను లెక్కలో చూపుకునే వీలు లేదు. అయినా ఆగితే నెలకు వడ్డీయే 2,050 డాలర్లు. ఆస్తి పన్ను, బీమా కలిపితే 3,300 దాకా పోతాయి. ఆరు నెలలు ఆగితే మిగిలేదానిలో సగానికి పైగా కరిగిపోతుంది.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. మీరు దేశం వదిలి పన్ను చట్టం దృష్టిలో నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే, ఫిర్ప్టా (అమెరికాలోని ఆస్తిని విదేశీయులు అమ్మితే వర్తించే పన్ను చట్టం) నిబంధన ప్రకారం కొనేవారు అమ్మకపు ధరలో కొంత భాగాన్ని పట్టుకుని అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు జమచేయాలి. సాధారణంగా అది 15 శాతం. ధర 3,00,000 నుంచి 10,00,000 డాలర్ల మధ్య ఉండి, కొనేవారు తామే నివసించదలిస్తే 10 శాతం. మీ విషయంలో 10 శాతమంటే 56,000, అంటే చేతికి రావలసినదానికన్నా ఎక్కువ! లాభం లేకపోయినా సరే, క్లోజింగ్ (సొమ్ము చెల్లించి ఇల్లు చేతులు మారే) నాడు మీరే ఎదురు డబ్బు తెచ్చి కట్టాల్సి వస్తుంది. మరుసటి ఏడాది రిటర్ను వేసి వాపసు పొందవచ్చు. 8288-బి ఫారంతో ముందే దరఖాస్తు చేసుకుంటే పట్టుకునే మొత్తాన్ని తగ్గించే ధ్రువపత్రం రావచ్చు, కానీ దానికి మామూలుగా 90 రోజులు పడుతుంది. ఈ తిప్పలు మీకెందుకు? మీ నివాస హోదా ఏ తేదీతో ముగుస్తుందో పన్ను లెక్కలు చూసే సీపీఏతో రాతపూర్వకంగా తేల్చుకోండి.

అద్దెకిద్దామన్నా, సొంతంగా నివసించే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు పోయి ఆస్తి పన్ను పెరుగుతుంది. పైగా నాన్ రెసిడెంట్ అద్దె మీద, నికర ఆదాయ పద్ధతిని ఎంచుకోకపోతే, ఖర్చులు తీయకుండానే 30 శాతం పన్ను పడుతుంది.

మీరు పంపిన ఫోటోలు చూశాను. గడపకు పసుపు, గరాజ్‌లో పోపులకు పెట్టుకున్న రెండో పొయ్యి, దాని పైన నూనె మరకలు పట్టిన గోడ చూస్తే, అది మీరు ఎంత ఇష్టంగా కాపురం చేసిన ఇల్లో తెలుస్తోంది. అయినా పొయ్యి తీసేసి ఆ గోడకు రంగు వేయించండి, గడప కడిగించండి. కొనేవారికి అందులో తమ ఇల్లు కనబడాలి. ధరను ఒకేసారి 5,60,000కు దించండి. ఐదేసి వేలు తగ్గిస్తూ పోతే, ఇంకా దిగుతుందిలే అని కొనేవారు ఆగుతారు. బేరం 10,000 తేడా దగ్గర ఆగితే, ధర తగ్గించే బదులు ఆ సొమ్మును కొనేవారి మొదటి రెండేళ్ల వడ్డీ తగ్గింపునకు ఇస్తామనండి. బిల్డర్లు ఆకర్షిస్తున్నది దానితోనే, నెలసరి కిస్తీలో తేడా వారికి వెంటనే కనిపిస్తుంది.

కొనేవారికి బ్యాంకు రుణం మంజూరై క్లోజింగ్ జరగడానికి 30 నుంచి 45 రోజులు పడుతుంది గనుక, ఫిబ్రవరి నెలాఖరులోపు ఒప్పందం మీద సంతకాలు పడాలి. ఈ వారమే మీ ఏజెంటుతో మాట్లాడి ధర మార్పించండి.