మొగనీళ్లు, రెండు ముద్రల గొర్రె

ప్రశ్న: ఊహాలోకపు నవల ఒకటి రాస్తున్నాను. తల్లిది ఏటి జనం, పడవలు నడిపేవాళ్లు. తండ్రిది కొండ జనం, గొర్రెల కాపరులు. వాళ్ల కొడుకుని అటువాళ్లూ ఇటువాళ్లూ 'అర్ధరక్తం' అని తిడతారు. చదివిన స్నేహితురాలు ఆ తిట్టు ఎవరి నోటా పలకలేదంది. రెండు అధ్యాయాలు పంపుతున్నాను, చూడగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ స్నేహితురాలు సరిగ్గా పట్టుకున్నారు. 'అర్ధరక్తం' మీరు పెట్టిన పేరు, వాళ్లు పెట్టింది కాదు. తిట్టేవాడు రక్తం కొలవడు, చేతికి అందింది విసురుతాడు. స్పానిష్‌లో 'ములో' అంటే కంచరగాడిద, గుర్రానికీ గాడిదకీ పుట్టేది. నల్లవారికీ తెల్లవారికీ పుట్టిన బిడ్డను పిలిచిన 'ములాటో' అందులోంచే వచ్చిందని ఎక్కువమంది భాషావేత్తల మాట. పశువుల్ని పెంచేవాళ్ల నోట పశువే వచ్చింది. మన 'సంకరజాతి' చూడండి. విత్తనాల సంచి మీద, పాడి ఆవు మీద అది మెప్పు. మనిషిని అంటే కన్నవాళ్లిద్దరికీ తగులుతుంది.

మీ ఏటి జనం 'మొగనీళ్లు' అనొచ్చు. ఏరు సముద్రంలో కలిసేచోటి నీళ్లు, నోట పోసుకోలేం. కొండవాళ్లకి 'రెండుముద్రలోడు'. మందకో ముద్ర ఉంటుంది కదా, ఒకే గొర్రె మీద రెండు కనిపిస్తే దొంగసొత్తేమోనని అనుమానం. ఇందులో రక్తం ఊసే లేదు. వీడు రేపు పచ్చిక బయల్లో వాటా అడుగుతాడేమోనన్న భయం మాత్రం ఉంది. ఏటివాళ్లకి ఆ భయం లేదు, అందుకే ఇద్దరి నోటా ఒకే తిట్టు రాదు.

పుట్టుకనే అనాలని కూడా లేదు. బ్రిటిష్ పాలనలో ఆంగ్లో ఇండియన్లను 'ఛీఛీ' అని వెక్కిరించేవారు, వాళ్ల ఇంగ్లీషు యాసకీ అదే పేరు. మీ అబ్బాయి యాస ఎలా ఉంటుందో రెండు అధ్యాయాల్లోనూ లేదు.

దక్షిణాఫ్రికాలో 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి రాసిపెట్టింది. జుట్టులో పెన్సిల్ దూర్చి, అది జారిపడుతుందా నిలుస్తుందా చూసి తేల్చిన సందర్భాలున్నాయి. ఒకే ఇంటి మనుషులు వేర్వేరు జాతులయ్యారు. అక్కడ జాతి రాసే గుమస్తా గొంతు పెంచే పనే లేదు. మీ లోకంలో ఆ గుమస్తా ఎవరో మీకు తెలిసి ఉండాలి, పుస్తకంలో కనిపించకపోయినా.

నా తొలి నవలలో నాయికను పేజీకొకరు తిట్టేవారు. రాతప్రతి చదివిన ఒకావిడ, తనూ అలాంటి ఇంటి బిడ్డే, నాకు ఉత్తరం రాసింది. వీధిలోవాళ్ల మాటలు మరిచిపోయిందట. అమ్మమ్మ జడ వేస్తూ ముద్దుగా అన్న మాట మాత్రం ఇప్పటికీ మరవలేదట. ఆ రాత్రే పదకొండు తిట్లు కొట్టేశాను.

మీ రెండో అధ్యాయంలో నానమ్మ మనవడి తల దువ్వుతోంది. 'రెండుముద్రలోడా' అన్న పిలుపు మొదట అక్కడ రానివ్వండి. సంతలో గొడవ తర్వాత పెట్టుకోవచ్చు. వాడు తలెత్తకుండా కూర్చుంటే చాలు, దువ్వెన ఆగనక్కర్లేదు.